కొల్లేటి ఇంటి భయం, కొల్లేటి చదువు

సమస్య

కొల్లేటి లంక గ్రామంలో పుట్టి, జంతుశాస్త్రం ప్రధానాంశంగా బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని సంరక్షణ శాస్త్రంలో పీజీ చేయాలనుకుంటున్నారు. జీవజాతులు, వాటి ఆవాసాలు ఎందుకు క్షీణిస్తున్నాయో కనిపెట్టి, వాటిని నిలబెట్టే మార్గాలను వెదికే శాస్త్రమిది. అయితే ఆమె తండ్రి నలుగురితో కలిసి సాగు చేసిన చేపల చెరువు గట్లను 2006లో కొల్లేరు పక్షుల అభయారణ్య పరిధిలోని చెరువుల తొలగింపులో కొట్టివేయగా, ఆనాటి అప్పు తీరడానికి ఆ ఇంటికి చాలా ఏళ్లు పట్టింది. చెరువు పోగొట్టినవారి కొలువులోనే కూతురు చేరుతుందా అని తండ్రి బాధపడుతుండగా, బీఈడీ చేస్తే ఊరికి దగ్గరలో ఉద్యోగం దొరుకుతుందని తల్లి నచ్చజెబుతున్నారు. ఈ రంగంలో స్థిరమైన జీవనోపాధి ఉంటుందా, పక్షుల పక్షాన నిలబడటం సొంత ఊరికి ద్రోహమవుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

సలహా

రెండో ప్రశ్న తేలనిదే మొదటిదానికి అర్థం లేదు కనుక ముందు దానినే పరిశీలించాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు కొల్లేరు; బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరదను తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలోకి మెల్లగా వదులుతుంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును సూచించే అయిదో కాంటూరు లోపల, సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం 1999లో అభయారణ్యమైంది. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం గుర్తించే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. చెరువు గట్లు నీటి దారికి అడ్డుపడితే ఎగువ పొలాలు మునుగుతాయి. సరస్సులో మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్ని ఉప్పదనం పెరుగుతుంది. ఆ నష్టం గూడబాతులకు ఎంతో, కొరమీను, ఇంగిలాయి పట్టి బతికే కుటుంబాలకూ అంతే కాబట్టి, సరస్సును కాపాడటం ఊరికి ద్రోహం కాజాలదు.

అంతమాత్రాన తండ్రి ఆవేదన అర్థరహితమని తేల్చడం అన్యాయం. సంరక్షణ వల్ల కలిగే మేలు అందరికీ అంది, దాని ఖర్చు మాత్రం వేరే ఆధారం లేని చిన్న కుటుంబాల మీద పడినప్పుడు, ఆ సంరక్షణ మీద స్థానికులకు నమ్మకం నిలవదు. నీరు, చేప, అడవి, నేల వంటి ఉమ్మడి సంపదను ఎవరు, ఎంత, ఎప్పుడు వాడుకోవాలో, ఆ నిర్ణయంలో ఎవరి మాట చెల్లాలో ఆలోచించే సహజ వనరుల నిర్వహణ అనే రంగం ఎదుర్కొనే ప్రధాన ప్రశ్న ఇదే. పక్షుల లెక్క, నష్టపోయిన ఇంటి లెక్క రెండూ తెలిసినవారు ఆ రంగానికి అవసరం.

జీవనోపాధి విషయంలో భ్రమలకు తావుండకూడదు. పరిశోధన ప్రాజెక్టుల్లోని తొలి ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే; ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. దేహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం అందించే వన్యప్రాణి పీజీ కోర్సుల్లో సీట్లు పరిమితం. పీజీ తరువాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరినవారికి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ లభిస్తుంది. జంతుశాస్త్ర పట్టభద్రులు యూపీఎస్సీ నిర్వహించే భారత అటవీ సర్వీసు పరీక్షకూ అర్హులే. వనరుల నిర్వహణ వైపు మొగ్గేవారికి భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థ మరో మార్గం. ఏ దారిలోనైనా గణాంక శాస్త్రం, భూమి మీది సమాచారాన్ని పటాలపై విశ్లేషించే జీఐఎస్ పరిజ్ఞానం, ఏళ్ల తరబడి విడవకుండా పరిశీలనలు రాసుకునే క్రమశిక్షణ అవసరం.

కనుక ఈ విద్యార్థిని రెండేళ్ల గడువు పెట్టుకొని, ఆ కాలంలో ప్రవేశ పరీక్షలకు సిద్ధపడుతూ, సీటు రాకపోతే బీఈడీలో చేరతానని తల్లికి ముందే మాట ఇవ్వడం ఇంటి భయాన్ని తగ్గిస్తుంది. బడిలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిగా కూడా ఆమె కొల్లేరుకు దూరం కారు.

తండ్రితో వాదన అనవసరం. ఏ నెలలో నీరు ఉప్పబారుతుందో, ఏ చేప ఎప్పటి నుంచి వలలో పడటం మానిందో, గుర్రపుడెక్క ఏ కాలువను ముందు కమ్మిందో ఆయనకు తెలిసినంత ఏ నివేదికా చెప్పలేదు. ఆయనను అడిగి, తేదీలతో, స్థలాలతో ఆ వివరాలు నమోదు చేసుకోవడమే ఆమె తొలి క్షేత్ర అధ్యయనం కావాలి. చెరువు పోయినప్పుడు తనను ఎవరూ ఏమీ అడగలేదని బాధపడే తండ్రికి, కూతురి చదువు తనను అడగడంతోనే మొదలైందని తెలియడం కన్నా మంచి సమాధానం ఉండదు.