తాళపుచెవుల గుత్తి

పూర్వము ఇల్లాలి కొంగున తాళపుచెవుల గుత్తి వ్రేలాడుచుండెడిది. వీధితలుపునకు ఒకటి, ధాన్యపుగదికి ఒకటి, భోషాణమునకు ఒకటి, ఇట్లు నాలుగైదు చెవులుండెడివి. చీకటిలో సైతము ఏది యే తాళమునకు చెందినదో ఆమె చేతికి తెలిసెడిది. నేడు ఇనుప చెవులు తగ్గినవి. కంటికి కనబడని చెవులు పెరిగినవి. బ్యాంకు ఖాతాకు, ఈమెయిలునకు, రైలు టిక్కెట్టునకు, విద్యార్థివేతనపు దరఖాస్తునకు, అన్నిటికిని ఒక్కొక్క రహస్యపదము కావలయును. దీనినే పాస్‌వర్డు అందురు. ఇన్నిటిని మరవకయు, పరుల పాలు చేయకయు కాపాడుకొనుట యెట్లు?

రహస్యపదము క్రొత్తది కాదు. ప్రాచీన రోమను సైనికులు రాత్రి కావలికై ఒక సంకేతమును చిన్న కొయ్యపలకపై వ్రాసి దళమునుండి దళమునకు అందించుచుండిరి. కంప్యూటరునకు ఈ పద్ధతి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అలవడినది. అచట ఫెర్నాండో కోర్బాటో అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున, ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను విధానము 1961లో ప్రదర్శింపబడెను. ఒకరి పత్రములు మరియొకరి కంటబడకుండుటకై ప్రతివారికిని ఒక పాస్‌వర్డు ఏర్పరచిరి. కాని 1962లోనే అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కాలము చాలక, పాస్‌వర్డుల పట్టికనంతటిని యంత్రముచేతనే అచ్చువేయించి తీసికొనెను. తాళము పుట్టిన కొలది కాలమునకే చెవి పరుల చేతికి చిక్కినది!

పట్టికను ఉన్నదున్నట్లు వ్రాసి యుంచుటయే ఇందలి లోపము. పాస్‌వర్డును గుర్తుపట్టరాని రూపమునకు మార్చి దాచు పద్ధతిని బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ అనువారు 1979లో ఒక వ్యాసమున వివరించిరి. తిరుగలిలో విసరిన బియ్యము మరల బియ్యము కానట్లే, ఈ రూపమునుండి అసలు పదమును వెలికిదీయుట దుర్లభము. అయినను దొంగకు మరియొక దారి గలదు. లోకులు సామాన్యముగ వాడు పదములను అతడును విసరి, తన పిండిని దొంగిలించిన పిండితో పోల్చి చూచును. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు, విసరనైనను విసరని స్థితిలో, దొంగల పాలయ్యెను. వానిలో అన్నిటికంటె ఎక్కువగా కనబడినది ‘123456’!

ఇంతకంటె పెద్ద ప్రమాదము ఒకే చెవిని అన్ని తాళములకు వాడుట. ఒక బాలుడు తాతగారి ఫోనులో ఆట ఆడుటకై, ఆయన ఈమెయిలునకు గల పాస్‌వర్డునే ఆ ఆటకును పెట్టెననుకొందము. ఆటవారి పట్టిక దొంగిలింపబడినచో, దొంగలు ఆ పదమునే యంత్రసహాయమున వేరు వేరు చోట్ల ప్రయత్నింతురు. ఈమెయిలు తెరచుకొన్నచో, దానికి వచ్చు లేఖల ద్వారా ఇతర ఖాతాల పాస్‌వర్డులను మార్చవచ్చును. తాతగారి పింఛను ఖాతాకే ముప్పు రావచ్చును.

మరి ముప్పది నలుబది వేరు వేరు పదములు జ్ఞాపకముండుట సాధ్యమా? శతావధాని నూరుగురు పృచ్ఛకులకు చెప్పిన పద్యములను తుదిని ధారణ చేయును. ఆ పద్యములకు అర్థము గలదు, ఛందస్సు గలదు. అర్థములేని అక్షరములు మనస్సున నిలువవు. కావున మిక్కిలి ముఖ్యమైన ఒక్క పాస్‌వర్డును మాత్రము పదముల వరుసగా కూర్చుకొనుట మేలు. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో ఒక ఉపాయము చెప్పెను: 7,776 పదముల పట్టికనుండి పాచికలు వేసి పదములను ఏరవలయును. నాలుగంకెల పిన్‌కు 10,000 రూపములే గలవు. ఇట్లు ఏరిన నాలుగు పదముల వరుసలు 36 కోట్ల కోట్లకు మించును. ఐదారు పదములైనచో మరింత మేలు. ప్రసిద్ధమైన పద్యపాదము మాత్రము తగదు. అది దొంగకును తెలిసినదే.

తక్కినవానిని పాస్‌వర్డు మేనేజరు అను భోషాణమున దాచవచ్చును. బ్రూస్ ష్నయర్ 1997లో అట్టిదానిని వెలువరించెను. అది ప్రతి ఖాతాకు వేరొక కఠినమైన పదమును కల్పించి, అన్నిటిని ఒక్క ముఖ్యపదముతో బంధించి యుంచును. అది వాడనేరని వృద్ధులు ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేసికొనుట మంచిది. దూరదేశపు దొంగకు ఆ బీరువా అందదు. ఏటీఎం కార్డు వెనుక పిన్ వ్రాయుట మాత్రము తాళమునకే చెవి వ్రేలాడదీయుట వంటిది.

ఎంతటి భోషాణమైనను మాట జారినచో నిష్ప్రయోజనము. ఫోనునకు వచ్చిన ఓటీపీని, బ్యాంకువారమని చెప్పినవారికైనను చెప్పరాదు. మోసమున ధనము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలయును.

అనేక గృహములలో పెద్దల ఫోనులు నడపువారు పిల్లలే. పుస్తకము తెచ్చి అవ్వచేత వ్రాయించుట, ఖాతాకొక వేరు పదము ఏర్పరచుట వారు చేయదగిన సేవ. పెద్దలు పాస్‌వర్డు నొక్కునప్పుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుట వారు నేర్వవలసిన మర్యాద. ఇల్లాలి కొంగున గుత్తి యున్న దినములలో ఆ కొంగును ఎవరును తడవి చూడలేదు గదా!

ప్రశ్నలు

1. పాస్‌వర్డును విసరిన పిండితో ఏల పోల్చిరి?
2. ఒకే పాస్‌వర్డును అన్నిటికిని వాడుటవలన కలుగు కీడేమి?
3. మీ యింటి పెద్దలకు ఈ విషయమున మీరు చేయగల సాయమును పది వాక్యములలో వ్రాయుడు.