హాజరు పట్టీ తిరగరాయమంటున్నారు

సమస్య

రాజమహేంద్రవరం దగ్గర పచ్చళ్లు, పొడులు తయారుచేసే చిన్న యూనిట్ నాది. పనివాళ్లు 26 మంది. 14 మందికే పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నాం. మిగతా 12 మంది ‘కోత వద్దమ్మా, మొత్తం చేతికివ్వండి’ అన్నారని నగదు ఇస్తున్నాం. అందరికీ నెలకు 14,000. పీఎఫ్ ఉన్నవాళ్లకు కూడా బేసిక్ 6,000 చూపి, మిగతాది రవాణా, ఉతుకు అలవెన్సులని రాస్తున్నాం. ఇప్పుడు పీఎఫ్ ఆఫీసు నుంచి తనిఖీ నోటీసు వచ్చింది. రెండేళ్ల హాజరు పట్టీ కొత్తగా రాసేద్దామనీ, ఆ 12 మంది చేత పాత తేదీలతో మానేసినట్టు ఉత్తరాలపై వేలిముద్రలు వేయించి కాంట్రాక్టరు మనుషులుగా చూపిద్దామనీ మా గుమాస్తా అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సలహా

అమ్మా, మీ గుమాస్తా చెప్పినది చేయకండి. అది తప్పని మీకూ తెలుసు, అందుకే నిద్ర పట్టడం లేదు. అయితే తప్పు అన్న మాట పక్కన పెట్టి చూసినా ఆ పని వృథా. తనిఖీకి వచ్చేవారు హాజరు పట్టీ ఒక్కటే చూడరు. మీ లాభనష్టాల ఖాతాలో ‘జీతాలు, కూలి’ పద్దు కింద ఎంత రాశారో చూస్తారు, దాన్ని నెలనెలా మీరు వేసిన పీఎఫ్ చలాన్లతో పోలుస్తారు. 26 మంది కూలి ఖర్చు చూపి 14 మందికే, అదీ 6,000 మీదే చందా కడితే, ఆ తేడా మీ ఆడిటరు సంతకం చేసిన కాగితంలోనే ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్నుతో అది ఇప్పటికే ప్రభుత్వం దగ్గరుంది. కాబట్టి పట్టీ తిరగరాస్తే బాకీ దాగదు. చందా బకాయి ఉన్న యజమాని కాస్తా దొంగ రికార్డు సృష్టించిన యజమాని అవుతారు. మొదటిది చాలావరకు డబ్బుతో తీరుతుంది, రెండోది క్రిమినల్ కేసు దాకా పోతుంది.

‘వాళ్లే వద్దన్నారు’ అన్నది మీ మనసుకు న్యాయంగా తోచవచ్చు, కానీ చట్టం దాన్ని ఒప్పుకోదు. 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో 15,000 దాకా జీతంతో చేరిన మనిషికి పీఎఫ్ ఐచ్ఛికం కాదు. పైగా వాళ్లకు కనబడింది తమ జీతంలో 12 శాతం కోత మాత్రమే. మీరు కలపాల్సిన మరో 12 శాతం గురించి, పదేళ్ల సర్వీసు తర్వాత వచ్చే పింఛను గురించి, ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా అందే బీమా గురించి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? ఈఎస్‌ఐ లేని మనిషికి గ్రైండరులో వేలు నలిగితే ఆ పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. కాంట్రాక్టరు పేరు అడ్డుపెట్టినా తప్పించుకోలేరు. అతను కట్టకపోతే అసలు యజమానినే అడుగుతారు. అలవెన్సుల సంగతీ అంతే. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కలోకి వస్తాయని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగం జీతమే. ఏ లెక్కన చూసినా మీ 6,000 నిలవదు.

నిజం చెబితే మన చేత్తో మనమే ఉరితాడు పేనుకున్నట్టు కాదా అని మీ గుమాస్తా అడుగుతాడు. భయం అర్థమవుతుంది, ఎందుకంటే మొత్తం చిన్నది కాదు. 14,000 మీద రెండు వాటాలూ కలిపి 24 శాతం, అంటే మనిషికి నెలకు 3,360. ఆ 12 మందికే ఏడాదికి 4,83,840 అవుతుంది. అప్పట్లో కోయని కార్మికుల వాటాను ఇప్పటి జీతంలోంచి కోయడానికి సాధారణంగా వీల్లేదు, రెండు వాటాలూ మీరే భరించాలి. దానిపై ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన నష్టపరిహారం ఉంటాయి. అయితే ఈ లెక్క మీరు చెప్పినందువల్ల పుట్టింది కాదు, కట్టనందువల్ల పుట్టింది. నెల గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. మీరే ముందుగా చూపితే మీ ఉద్దేశం మీద అనుమానం తగ్గుతుంది. అధికారులు పట్టుకునేదాకా ఆగితే మీరేం చెప్పినా నమ్మడం కష్టం.

కాబట్టి ఉన్న కాగితాలను ఉన్నట్టే ఉంచండి. పాత హాజరు పట్టీ, నగదు వోచర్లు, బ్యాంకు పుస్తకం, గుమాస్తా చేతిరాత నోటుబుక్కు, ఏదీ చింపవద్దు. వాటి నుంచి ఎవరు ఏ నెలలో ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత తీసుకున్నారో ఒక పట్టిక రాయించండి. అది ఈనాటి తేదీతో తయారైందని దానిమీదే రాయండి. ఆ 12 మందినీ ఆధార్‌తో యూఏఎన్ (పీఎఫ్ సార్వత్రిక ఖాతా సంఖ్య) నమోదు చేయించి, ఈ నెల చందా అసలు జీతం మీద వచ్చే నెల 15వ తేదీలోగా కట్టండి. పాత బకాయి లెక్క పీఎఫ్ చట్టం తెలిసిన లాయరుకో కన్సల్టెంటుకో చూపించి, తనిఖీ రోజున రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కసారిగా కట్టలేకపోతే గడువు కావాలని అందులోనే అడగండి. ఇస్తారని నేను మాట ఇవ్వలేను, అడగడం మాత్రం మీ హక్కు. ఈలోగా ఆ 12 మందిని పిలిచి, ఇన్నాళ్లూ ఏం జరిగిందో, ఇకమీదట చేతికి తక్కువ ఎందుకు వస్తుందో మీరే చెప్పండి. వాళ్ల చేత మాత్రం ఆ ఉత్తరాలపై వేలిముద్రలు వేయించకండి.