డీజిలు ట్రక్కులో ఇంధన పీడనాన్ని ఎక్కడ కొలవాలి?

హకీము రోగి నబ్జ్ చూడదలచినప్పుడు మణికట్టు పట్టుకుంటాడే గాని మోచేతిని పట్టుకోడు. రక్తం శరీరమంతటా ప్రవహిస్తున్నా, దాని కదలిక వేలికి స్పష్టంగా తెలిసే చోట్లు కొన్నే. యంత్రాల విషయమూ ఇంతే. గొట్టంలో ద్రవం ప్రవహిస్తున్నప్పుడు దాని పీడనం మొదటినుండి చివరివరకు ఒకే విధంగా ఉండదు. కనుక "పీడనం ఎంత?" అని అడగడానికి ముందు "ఎక్కడి పీడనం?" అని అడగవలసి ఉంటుంది. ఈ ప్రశ్నను ఉపేక్షిస్తే ఎంతో ఖరీదైన పంపు డ్రైవరుకు తెలియకుండానే పాడైపోవచ్చు. అదెట్లో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

మన రోడ్లమీద చిరకాలం తిరిగిన పాత లారీలలో ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు ఉండేది. దాని క్యామ్ షాఫ్టు నూనెలో తిరుగుతుంది. పంపు పక్కనే చిన్న ఫీడ్ పంపు, దానికి చేతితో కొట్టే ప్రైమరు ఉంటాయి. ఫీడ్ పంపు నీరసిస్తే బండి ఘాట్ ఎక్కలేక మొరాయిస్తుంది. డ్రైవరు దిగి, గాలి పట్టిందని స్క్రూ వదులు చేసి ప్రైమరు కొడతాడు. అంటే జబ్బు తనంతట తానే బయటపడుతుంది. దానిని పట్టుకోవడానికి మాపకం అంతగా అవసరం లేదు.

అమెరికాలో 1998 మధ్యనుండి 2002 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ ట్రక్కుల సంగతి వేరు. వాటిలోని కమిన్స్ ఇంజను 5.9 లీటర్లది, 6 సిలిండర్లు, 24 వాల్వులు కలది. దానికి బాష్ వారి వి.పి.44 అనే రోటరీ ఇంజెక్షన్ పంపు అమర్చారు. ఈ పంపుకు కందెన, చల్లదనం రెండూ డీజిలే. ఇంజను మండించుకొనే దానికంటే ఎక్కువ ఇంధనం పంపులోనికి వచ్చి, వేడిని తీసుకొని తిరిగి ట్యాంకుకు పోవాలి. ఆ తిరుగుదారిలో ఉన్న ఓవర్‌ఫ్లో వాల్వు చదరపు అంగుళానికి సుమారు 14 పౌండ్ల పీడనం వద్ద తెరచుకుంటుంది.

ఈ పంపుకు ఇంధనం అందించేది విద్యుత్తుతో నడిచే ఒక చిన్న లిఫ్ట్ పంపు. దానిని ట్యాంకు దగ్గర కాక ఇంజను పక్కన బిగించారు. ఏ పంపుకైనా ద్రవాన్ని నెట్టడం సులభం, దూరంనుండి పీల్చడం కష్టం. తరువాతి కాలపు బండ్లలో దీనిని ట్యాంకులోనే పెట్టారు. సరే, లిఫ్ట్ పంపు నీరసించిందనుకొందాం. వి.పి.44 లోపల స్వంత రెక్కల పంపు ఒకటి ఉంది. అది కొంత ఇంధనాన్ని తానే పీల్చుకోగలదు. అందుచేత ఇంజను స్టార్టు అవుతుంది, బండి నడుస్తుంది, డ్రైవరుకు అనుమానం రాదు. లోపల మాత్రం పెద్ద పంపు తగిన కందెన, తగిన చల్లదనం లేక అరిగిపోతూ ఉంటుంది. ఈ బండిలో గేజి అలంకారం కాదు. జబ్బును చెప్పే ఏకైక సాక్షి అదే.

ఇప్పుడు సెన్సరు పెట్టవలసిన చోటు చూద్దాం. ఇంధనం ట్యాంకునుండి లిఫ్ట్ పంపుకు, అక్కడనుండి ఫిల్టరుకు, ఆపైన ఇంజెక్షన్ పంపుకు పోతుంది. లిఫ్ట్ పంపుకు ముందు ఉన్నది పీల్చుడు భాగం కనుక అది మన పనికి రాదు. మిగిలినవి ఫిల్టరుకు ముందు, ఫిల్టరు తరువాత అనే రెండు చోట్లు. తరగతిలో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది విద్యార్థులు "ముందు" అంటారు, పీడనం పుట్టేది అక్కడ గనుక. ఇక్కడే మోసం ఉంది. ఫిల్టరు మురికితో పూడుకుపోతే ప్రవాహం తగ్గి, దానికి ముందున్న పీడనం తగ్గకపోగా పెరుగుతుంది. ముందు 14 పౌండ్లు చూపుతున్న వేళ వెనుక 6 మాత్రమే ఉండవచ్చు. గేజి బాగుందంటుంది, పంపు పస్తుంటుంది. కనుక ఒక్క సెన్సరే పెట్టే స్తోమత ఉంటే అది ఫిల్టరు తరువాత, ఇంజెక్షన్ పంపు ప్రవేశద్వారం వద్దనే ఉండాలి. మనం కాపాడదలచినది ఆ పంపునే గదా. అక్కడ పీడనం తగ్గితే లోపం ఫిల్టరుదా, లిఫ్ట్ పంపుదా అన్నది ఫిల్టరు ముందు మరొకసారి కొలిచి తేల్చుకోవచ్చు. రెండు కొలతల మధ్య తేడా అధికంగా ఉంటే ఫిల్టరు మార్చాలి.

చోటు నిర్ణయమైనంత మాత్రాన సెన్సరును తీసుకుపోయి పంపు నెత్తిన బిగించరాదు. అక్కడ ఇంజను అదురు ఉంటుంది. పైగా పంపు ఇంధనాన్ని విడతలు విడతలుగా తీసుకొన్నప్పుడల్లా గొట్టంలో సుత్తిదెబ్బలవంటి పోట్లు పుడతాయి. ఆ దెబ్బలకు సెన్సరులోని సున్నితమైన పొర త్వరలోనే చెడుతుంది. ప్రవేశద్వారంనుండి వంగే గొట్టాన్ని తీసి, ఇంజనుకూ క్యాబినుకూ మధ్యనున్న ఇనుప గోడవరకు తెచ్చి, అక్కడ నీడిల్ వాల్వు, దాని తరువాత సెన్సరు అమర్చడం మేలు. వాల్వును దాదాపుగా మూసి, ముల్లు వణకడం మానేంతవరకు మాత్రమే తెరచి ఉంచాలి.

గొట్టం పొడవైతే పీడనం తగ్గదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. తగ్గదు. రాపిడివల్ల పీడనం తగ్గేది ప్రవాహమున్న గొట్టంలో. సెన్సరు గొట్టం చివర మూసివేయబడింది. అందులో ప్రవాహం లేదు. పాస్కల్ నియమం ప్రకారం ఒక చివరి పీడనమే రెండవ చివరకు అందుతుంది. తేడా వచ్చేది ఎత్తువల్ల మాత్రమే. డీజిలు సాంద్రత సుమారు 0.84. సెన్సరు అర మీటరు ఎత్తున ఉండి గొట్టం నిండా డీజిలు ఉంటే, చదరపు సెంటీమీటరుకు 42 గ్రాములు, అనగా చదరపు అంగుళానికి 0.6 పౌండు తక్కువ చూపుతుంది. వేలాది పౌండ్లు కొలిచేచోట ఇది లెక్కలోనికి రాదు గాని, 10 పౌండ్లలో ఇది నూటికి ఆరు పాళ్లు.

ఇంధన గొట్టాన్నే క్యాబినులోనికి తెచ్చి ముల్లుగేజికి తగిలించడం చౌకే. అయినా గొట్టం చిట్లితే డీజిలు డ్రైవరు ఒడిలో పడుతుంది. క్యాబినులోనికి విద్యుత్ తీగ మాత్రమే రావాలి.

బిగించిన తరువాత ఇంజను ఊరకే తిరుగుతుండగా చూసి తృప్తిపడరాదు. అప్పుడు ప్రవాహం తక్కువ. పూడిన ఫిల్టరు కూడా మంచిదిగానే కనిపిస్తుంది. బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు చూడాలి. ముల్లు 10 పౌండ్లకు దిగరాదన్నది ఆ బండ్లు నడిపేవారు సాధారణంగా పాటించే హద్దు. కొత్త ఫిల్టరు వేసిన నాడే నిలకడలో ఎంత, ఎత్తులో ఎంత అని రెండు అంకెలు పుస్తకంలో వ్రాసిపెట్టుకొంటే, ఆరు నెలల తరువాత ముల్లు ఎక్కడ నిలిచినా దాని అర్థం తెలుస్తుంది.