నేటి ఖర్చు, రేపటి మేలు: వాతావరణ మార్పు విషయంలో ప్రభుత్వాలు ఎందుకు వెనుకాడుతున్నాయి?



ఐగుప్తులో యోసేపు చేసిన పని మనకు తెలిసినదే. బాగా పండిన ఏడేండ్లూ పంటలో ఐదవ భాగం కొట్లలో నిల్వ చేయించాడు. కరవులో ఆ ధాన్యమే దేశాన్ని బ్రతికించింది. మరి ముందున్న అపాయం తెలిసి కూడా నేటి ప్రభుత్వాలు అలా ఎందుకు చేయలేకపోతున్నాయి? మూడు కారణాలు గమనించండి.

మొదటిది, కాలం. నాడు ధాన్యం ఇచ్చిన తరమే కొన్నేండ్లకు ఆ కొట్ల దగ్గరికి వచ్చింది. మనం బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వందల ఏండ్లు గాలిలోనే ఉంటుంది. దానిని తగ్గించే ఖర్చు మనది. మేలు ఎక్కువగా ఇంకా పుట్టనివారిది. ఎన్నికలేమో నాలుగైదేండ్లకే వస్తాయి.

రెండవది, దేశాల మధ్య పట్టుదల. ఒక దేశం తగ్గిస్తే మేలు లోకమంతటికీ, ఖర్చు మాత్రం ఆ దేశానికే. అభివృద్ధి చెందుతున్న దేశాలకు బాధ్యత పెట్టని ఒప్పందంలో చేరకూడదని 1997 జూలైలో అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో తీర్మానించింది. ఆ డిసెంబరులో కుదిరిన క్యోటో ఒప్పందంపై అమెరికా తరువాత సంతకం చేసినా, ఆమోదించలేదు. ముందుగా ధనిక దేశాలే తగ్గించాలని ఇండియా వంటి దేశాలు అడుగుతూ వచ్చాయి.

మూడవది, భారం ఎవరి మీద పడుతుందన్నది. 2018లో ఫ్రాన్స్ ప్రభుత్వం డీజిల్, పెట్రోలు మీద పన్ను ఇంకా పెంచబోయింది. అదే ఏడాది సంపన్నుల ఆస్తిపన్నును బాగా తగ్గించింది. కారు లేనిదే పనికి వెళ్లలేని పల్లెలవారు నవంబరులో పసుపు జాకెట్లు వేసుకొని రోడ్లెక్కారు. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపును వదులుకుంది.

అయితే ఇది అసాధ్యమా? కాదు. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఫలించింది. ఆ వాయువులు తయారుచేసే కంపెనీలు కొద్ది. వాటికి బదులు వేరేవి దొరికాయి. పేద దేశాల ఖర్చుకు నిధి పెట్టారు. పొగ విషయం అంతకంటే చాలా పెద్దది. అయినా పాఠం ఒకటే: భారం న్యాయంగా పంచితే ప్రజలు మోస్తారు.

2015 మే నెలను మరచిపోకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ముసలివారు, కూలి పనివారు ఎందరో. భూమి వేడెక్కేకొద్దీ అలాంటి ఎండలు పెరుగుతాయి. కారు, ఏసీ ఎన్నడూ ఎరుగనివారే ముందుగా ఆ వెల చెల్లిస్తారు.

కూడికలో చర్చించడానికి:

1. పెట్రోలు ధర పెరిగితే మనం మొదట ఎవరిని నిందిస్తాం?
2. ఓటు హక్కు ఉన్నచోట, మన మనవల మేలు కోరి నేడు ఖర్చు పెట్టమనే నాయకునికి మనం ఓటు వేస్తామా?
3. ఆ ఖర్చు పేదవాని మీద పడకుండా ఏమి అడగాలి?