యుద్ధం గెలిచిన సిపాయికి ఓటుందా?

ఇంగ్లండ్ అంతర్యుద్ధం అనగానే మనం నేరుగా 1649 జనవరి 30కి, అంటే మొదటి చార్లెస్ రాజు తల నరికిన రోజుకి దూకేస్తాం. నాకు మాత్రం దానికి పదిహేను నెలల ముందు జరిగిన ఒక వాదన ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

మొదటి యుద్ధం 1646లో ముగిసింది. పార్లమెంటు గెలిచింది. గెలిపించిన సైన్యాన్ని మాత్రం జీతాల బకాయిలు పూర్తిగా తీర్చకుండానే ఇంటికి పంపేద్దామని చూసింది. సిపాయిలు ఊరుకుంటారా? రెజిమెంటుకి ఇద్దరు చొప్పున తమ ప్రతినిధుల్ని ఎన్నుకున్నారు. మన క్లాస్ రిప్రజెంటేటివ్‌ల లాంటివాళ్ళే అనుకోండి, కాకపోతే వీళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి!

1647 అక్టోబరు 28న లండన్ దగ్గర పుట్నీ చర్చిలో అధికారులు, సిపాయిలు, వాళ్ళతోపాటు సమాన హక్కులు అడిగే లెవెలర్లు కలిసి కూర్చున్నారు. అధ్యక్షుడు క్రామ్‌వెల్. మర్నాడు మాట ఓటు మీదికి మళ్ళింది.

అప్పటికి కౌంటీల్లో ఓటు కావాలంటే ఏడాదికి 40 షిల్లింగుల రాబడినిచ్చే సొంత భూమి ఉండాలి. అది 1430 నాటి చట్టం. ఎంత పేదవాడైనా తన సమ్మతి లేని ప్రభుత్వానికి కట్టుబడక్కర్లేదు అన్నాడు కల్నల్ రెయిన్స్‌బరో. క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ ఒప్పుకోలేదు. దేశంలో స్థిరమైన ఆస్తి ఉన్నవాడికే దేశం సంగతి పడుతుందని, ఏమీ లేనివాళ్ళంతా ఓటేస్తే రేపు చట్టం చేసి ఆస్తినే రద్దు చేస్తారని అతని వాదన. అప్పుడు సెక్స్‌బీ అనే సిపాయి అడిగాడు: ఆస్తి లేకపోయినా పుట్టుకతో మాకూ హక్కులున్నాయనే కదా ప్రాణాలకు తెగించాం, లేవంటే మేం కూలికి పోరాడినట్టేనా?

ఐర్టన్‌ని తెలివితక్కువవాడని కొట్టిపారేయలేం. అతని తర్కం చాలా కాలం బతికింది. 1935 చట్టం కింద మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఆస్తి, పన్ను, చదువు లాంటివి చూసే ఓటిచ్చారు. అటు లెవెలర్లూ అంత ఉదారులేం కాదు. రాజీ కోసం నౌకర్లనీ బిచ్చగాళ్ళనీ వదిలేయడానికి సిద్ధపడ్డారు. ఆడవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తనేలేదు.

తర్వాత సిపాయిలకి ఏం దక్కింది? బకాయిల బదులు డిబెంచర్లనే కాగితాలిచ్చారు. చేతిలో డబ్బుల్లేక చాలామంది వాటిని అయినకాడికి తమ అధికారులకే అమ్ముకున్నారు. 1649 మేలో తిరగబడ్డవాళ్ళని బర్‌ఫర్డ్ దగ్గర పట్టుకుని, చర్చి ఆవరణలో ముగ్గుర్ని కాల్చి చంపారు. అప్పటికి రాజు లేడు, ప్రభువుల సభ కూడా లేదు. ఉన్నది రిపబ్లిక్కే!

1653లో క్రామ్‌వెల్ ప్రభుత్వం కొత్త రాజ్యాంగం తెచ్చింది. అందులో కౌంటీ ఓటుకి అర్హత 200 పౌండ్ల ఆస్తి. అంటే పాత రాజుల కాలంలో ఓటున్న చిన్న రైతులు కొందరికి విప్లవం తర్వాత అదీ పోయిందన్నమాట.

1660లో రాజరికం తిరిగొచ్చింది. మరుసటి ఏడాది క్రామ్‌వెల్, ఐర్టన్‌ల శవాల్ని తవ్వితీసి ఉరికొయ్యకి వేలాడదీశారు. 40 షిల్లింగుల నియమం మాత్రం 1832 దాకా కదల్లేదు. ఆస్తితో పని లేకుండా బ్రిటన్‌లో మగవాళ్ళందరికీ ఓటొచ్చింది 1918లో, ఆడవాళ్ళకి వాళ్ళతో సమానంగా 1928లో.