అద్దె ప్యూరిఫయర్ మంచిదేనా?

ప్రశ్న: మా వీధిలో చాలామంది వాటర్ ప్యూరిఫయర్ కొనకుండా నెలవారీ అద్దెకు పెట్టించుకుంటున్నారు. అమ్మేస్తే పోయేదానికి, కంపెనీకి ఇందులో ఏం లాభం?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, అద్దెకిస్తే నెలనెలా వస్తూనే ఉంటుంది. ఇలాంటి చాలా మిషన్లలో నెట్‌కు కలిపిన మీటరు ఉంటుంది. మీరు ఎన్ని లీటర్లు పట్టారో, ఫిల్టరు ఎప్పుడు మార్చాలో కంపెనీకి చెబుతుంటుంది. బాకీ పడితే అక్కడినుంచే నీళ్లు ఆపేయగలరు కూడా! అమ్మకుండా వాడకం లెక్కన డబ్బు తీసుకునే ఆలోచన పాతదే. 1962లోనే బ్రిస్టల్ సిడ్లీ అనే బ్రిటిష్ సంస్థ విమాన ఇంజన్ల నిర్వహణకు ఎగిరిన గంటల లెక్కన డబ్బు తీసుకుంది. ఇక మీకు లాభమేంటంటే, ప్యూరిఫయర్ మూలపడితే అద్దె ఆగేది కంపెనీకే కాబట్టి బాగుచేయడానికి త్వరగా వస్తారు. అయినా సొంతింట్లో ఉండేవాళ్లకు కొనుక్కోవడమే చవకని నా అభిప్రాయం. సంతకం పెట్టేముందు డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో, నెట్ పోతే నీళ్లొస్తాయో లేదో అడగండి.