దాళ్వాకు ముందు కోడెకు తొలి నాడాలు

సార్వా కోతలు ముగిసి, దాళ్వా నాట్లకు చేలు మళ్లీ తడిసేలోపు కోనసీమలో బండ్లకు చేతినిండా పని. ధాన్యం కళ్లం నుంచి రోడ్డెక్కాలి, గడ్డి మేటుకు చేరాలి. దింపు కాయలు అంబాజీపేట వైపు, అరటి గెలలు రావులపాలెం మార్కెట్టు వైపు కదలాలి. ఈ మోతలో పెద్ద వాటా ఎప్పుడో ట్రాక్టర్లకు, ఆటోలకు పోయింది. అయినా ట్రాక్టరు తిరగని ఇరుకు పుంతల్లో, కొబ్బరి తోటల నడుమ, లంక భూముల్లో ఎడ్లబండి ఇంకా నిలిచే ఉంది. ఈ ఏడాదే కాడి కిందికి వచ్చిన కోడెను తొలిసారి తారు రోడ్డెక్కించబోతున్న రైతు నాడాల సంగతి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా ముందు, దానికి నాడాలు అసలు అవసరమా అన్నది తేల్చుకోవాలి. కోనసీమ నేల గోదావరి పాయలు తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు. దమ్ములో, చేలగట్ల మీద, లంకల ఇసుకలో తిరిగే పశువుకు గిట్ట పెరిగినంత వేగంగా అరగదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక చాలాకాలం ఇక్కడి సరుకు కాలువల్లో పడవల మీదే పోయేది. ఇప్పుడు అలా కాదు. కొత్తపేట మీదుగా రావులపాలెం–అమలాపురం రోడ్డున్నా, అమలాపురం నుంచి రాజోలు వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఉన్నా, ఊళ్లలోపలి సిమెంటు రోడ్లున్నా, అన్నీ గిట్టను ఆకురాయిలా అరగదీసేవే. ఎద్దు రోజూ ఇలాంటి రోడ్ల మీద బరువు లాగితే నాడాలు కావాలి. వారానికి ఒకటి రెండుసార్లు రోడ్డు దాటడానికైతే అక్కర్లేదు. పక్కింటి ఎడ్లకు కొట్టించారని తమ కోడెకూ కొట్టించడం దండగ. దానివల్ల గిట్టకు ఊరికే చిల్లులు పడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అవసరం ఉందో లేదో కోడే చెబుతుంది. కంకర మీదికి రాగానే అడుగు పొట్టిదవుతుంది. రోడ్డు వదిలి పక్కనున్న మట్టి మార్జిన్‌లోకి లాగుతుంది. గిట్ట కొన అరిగి గుండ్రంగా మొద్దుబారుతుంది. కాలెత్తి అరిగిట్టను బొటనవేలితో నొక్కితే లోపలికి మెత్తగా దిగుతుంది. ఈ చివరి గుర్తు కనిపించేదాకా వచ్చిందంటే ఆలస్యమైనట్టే. అరిగిట్ట అంత పలచబడిన పశువుకు వెంటనే మేకు దించకూడదు. రెండు మూడు వారాలు మెత్తని నేల మీద ఉంచి, గిట్ట కోలుకున్నాకే నాడాలు.

గుర్రానికీ ఎద్దుకూ తేడా ఇక్కడ తెలుసుకోవాలి. గుర్రానిది ఒకటే డెక్క, కాబట్టి కాలికి ఒక నాడా చాలు. పశువు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. నడిచేటప్పుడు ఆ రెండు భాగాలు విడివిడిగా కదులుతాయి. అందుకే ఒక్కో భాగానికి ఒక్కో అర్ధచంద్రాకారపు రేకు చొప్పున కాలికి రెండు, నాలుగు కాళ్లకు ఎనిమిది రేకులు పడతాయి. పైగా పశువు గిట్ట గోడ గుర్రం డెక్క గోడ కన్నా పలచన. మేకు దిగడానికి చోటున్నది గిట్ట బయటి అంచులోనే. అంచు చుట్టూ కనిపించే తెల్లని గీత దాటి మేకు లోపలికి పోయిందంటే అది మాంసంలోకి దిగినట్టే. నాడాలు కొట్టే మనిషి నేర్పంతా ఈ కొద్దిపాటి మందంలోనే తెలుస్తుంది. కూలి పది రూపాయలు తక్కువని చేయి తిరగని వాడిని పిలవడం కన్నా, నాలుగు ఊళ్లవతల ఉన్నా సరే తెలిసినవాడి కోసం ఆగడం నయం.

కోనసీమ కోడెకు ఇంకో చిక్కుంది, తడి. వారాల తరబడి బురదలో నానిన గిట్ట మెత్తబడి మేకును గట్టిగా పట్టుకోదు. నాలుగు రోజులకే రేకు ఊగుతుంది, వదులైన బెజ్జంలోంచి బురద, క్రిములు లోపలికి పోతాయి. అందుకని నాడాలు వేయించే ముందు కనీసం వారం పది రోజులు పశువును పొడి చోట కట్టెయ్యాలి. పాకలో మూత్రం నిలవకుండా చూడాలి, గిట్టల సందులు రోజూ కడిగి ఆరనివ్వాలి. సందుల్లో పుండు, చీము వాసన ఉంటే ముందు దానికి వైద్యం చేయించాలి. 100 లీటర్ల నీటికి 5 కిలోల మైలుతుత్తం కలిపిన నీళ్లలో గిట్టలు మునిగేలా నిలబెట్టడం పాత పద్ధతే, పనిచేసే పద్ధతే. అయితే వాడిన ఆ నీటిని కాలువలోకో, చేపల చెరువులోకో వదలకూడదు. మైలుతుత్తంలోని రాగి చేపలకు విషం. ఇంటి పక్కనే చెరువులున్న ఊళ్లలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

గాలికుంటు వచ్చి తగ్గిన పశువుకు గిట్ట అంచు పైనుంచి ఊడి వస్తుంటుంది. కొత్త గిట్ట పూర్తిగా కిందికి దిగేదాకా దానికి నాడాల మాట ఎత్తకూడదు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు. కాడి కట్టే కోడెకు అది తప్పించకూడదు.

నాడాలు కొట్టడం గంట పని. దానికి కోడెను సిద్ధం చేయడానికి నెల పడుతుంది, చాలామంది వదిలేసేది ఈ నెలే. కోడె సాధారణంగా రెండు పళ్లు వేసే వయసులో, అంటే రెండు, రెండున్నర ఏళ్లకు కాడి అలవాటు మొదలవుతుంది. అప్పటినుంచే రోజూ తవుడు పెట్టే వేళ దాని భుజం మీద చేయి వేసి, మెల్లగా మోకాలి దాకా, ఆపై గిట్ట దాకా నిమురుతూ రావాలి. వారం తర్వాత కాలు కొద్దిగా ఎత్తి, అది గుంజక ముందే దించెయ్యాలి. గుంజాక వదిలితే గుంజితే వదులుతారని నేర్చుకుంటుంది. ఆ తర్వాత చిన్న కర్రతో గిట్ట మీద చప్పుడు చేయాలి. ఊళ్లో పెద్ద ఎడ్లకు నాడాలు కొడుతుంటే సుత్తి చప్పుడు వినిపించే దూరంలో కోడెను కట్టి మేత వెయ్యాలి. చప్పుడు జరుగుతున్నా తనకేమీ కాదని దానికి తెలియాలి.

ముక్కుతాడు కుట్టడం, విత్తు కొట్టించడం, నాడాలు వేయించడం – ఈ మూడూ ఒకే వారంలో కానిచ్చేద్దామనుకునే రైతులున్నారు. మనిషిని పిలవడం ఒక్కసారితో తీరుతుందని వాళ్ల లెక్క. కోడె లెక్క వేరు. ఒక నొప్పి మానకముందే ఇంకో నొప్పి పెడితే మనిషిని చూస్తేనే బెదిరే ఎద్దవుతుంది. కనీసం నెల రోజుల ఎడం ఉండాలి.

పశువు మూడు కాళ్ల మీద ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి మన దగ్గర కింద పడేసి కాళ్లు కట్టి నాడాలు కొడతారు. తాడుతో లాగి పడేసే పద్ధతి తెలిసినవాళ్లు మెడ, రొమ్ము, డొక్కల చుట్టూ తాడు తిప్పి వెనక్కి లాగితే పశువు తనంతట తానే మోకాళ్ల మీద వాలుతుంది. తోక మెలితిప్పడం, కర్రతో బాదడం ఏమీ అవసరం లేదు. పడేసే చోట వరిగడ్డి మందంగా పరవాలి. సిమెంటు గచ్చు మీద పడేస్తే ముందు జబ్బ నరం నొక్కుకుపోయి కాలు చచ్చుబడే ప్రమాదముంది. కాళ్లకు కొబ్బరి పీచు తాడు వాడకూడదు, చర్మం కోసుకుపోతుంది. నూలు తాడు మేలు. ముందు రాత్రి నుంచి మేత ఆపి, తెల్లవారుజామున చల్లని పూట పని పెట్టుకోవాలి. కడుపు నిండిన పశువును పక్కకు పడుకోబెడితే పొట్టలో గాలి బయటికి రాక ఉబ్బరం వస్తుంది. ఎడమ డొక్క పైకి లేస్తున్నట్టు కనిపించిందంటే పని ఎక్కడున్నా ఆపి, కట్లు విప్పి లేపాలి. తొలిసారికి ముందు కాళ్లు ఒకరోజు, వెనక కాళ్లు రెండు మూడు రోజుల తర్వాత వేయిస్తే పశువు నేల మీద ఉండే సమయం సగమవుతుంది.

దగ్గరి పశువైద్యశాలలో ట్రెవిస్, అంటే పశువును నిలబెట్టి కట్టే చట్రం, ఉంటే అడిగి చూడటం ఇంకా మంచిది. నిలబెట్టి, పొట్ట కింద పట్టీ వేసి, కాలు వెనక్కి కట్టి కొట్టొచ్చు. యూరప్‌లో ఎద్దులకు నాడాలు వేయడానికి ఇలాంటి చెక్క చట్రాలనే వాడేవారు. బ్రిటన్‌లోని వేల్స్ నుంచి లండన్ సంతలకు పశువుల మందలను నడిపించుకుపోయిన తోలరులు బయల్దేరే ముందు ప్రతి పశువుకూ ఇలాగే గిట్టకు రెండు రేకుల చొప్పున కొట్టించేవారు. రైళ్లు వచ్చాక ఆ పని పోయింది.

నాడాలు వేసిన రోజు బండి కట్టకూడదు. కట్లు విప్పగానే కోడె కాళ్లు అతిగా ఎత్తి ఎత్తి వేస్తుంది, ఒక్కోసారి తడబడుతుంది. కాలి కింద కొత్త బరువు, కొత్త చప్పుడు. అది నొప్పి కాదు. కొంచెం ఉలవ గుగ్గిళ్లు పెట్టి, పాక చుట్టూ మెత్తని నేల మీద తిప్పితే సర్దుకుంటుంది. మర్నాడు పుంతలో ఖాళీగా, మూడో రోజు అలవాటైన ఎద్దుతో జతకట్టి ఖాళీ బండితో నడిపించాలి. తారు రోడ్డు ఆ తర్వాతే. బరువు వారం గడిచాకే, అదీ సగం నుంచి మొదలుపెట్టి. జతలో ఒక ఎద్దుకే నాడాలుంటే రెండింటి పట్టు వేరై కాడి ఒకవైపు లాగుతుంది, కాబట్టి రెండింటికీ ఉండాలి, లేదా రెండింటికీ ఉండకూడదు.

ఇనుము గిట్టను కాపాడుతుంది గానీ నున్నని చోట జారుతుంది. తడిసిన సిమెంటు రోడ్డు, వంతెనల మీది ఇనుప పట్టీలు, పంటు పైతట్టు – ఈ మూడు చోట్లా కొత్త నాడాల కోడె కాలు జారిందంటే తర్వాత అక్కడ అడుగే పెట్టదు. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులోనో, సఖినేటిపల్లి–నరసాపురం రేవులోనో పంటు ఎక్కించాల్సి వస్తే దారిలో ఇసుకో, గడ్డో చల్లి, బండి విప్పి విడిగా నడిపించి ఎక్కించాలి.

మొదటి మూడు రోజులు అసలు కాపలా మేకుల దగ్గరే. మేకు కొడుతుండగా కోడె ఒక్కసారిగా ఎగిరిపడి, బెజ్జంలో రక్తం కనిపిస్తే మేకు వెంటనే పీకి, టించర్ అయోడిన్ పోసి, ఆ బెజ్జం వదిలెయ్యాలి. అందరూ పట్టుకునేది దీన్నే. పట్టుకోలేనిది ఇంకొకటుంది: మాంసంలోకి పోకుండా దాని పక్కనే ఆనుకుని ఒత్తే మేకు. ఆ రోజు ఏమీ తెలియదు. రెండో రోజో మూడో రోజో కుంటు మొదలవుతుంది, గిట్ట వేడిగా ఉంటుంది, మేకు తలల మీద ఒక్కొక్కటిగా మెల్లగా తడితే ఒక మేకు దగ్గర కాలు గుంజుకుంటుంది. ఆ మేకు తీస్తే చాలావరకు తగ్గిపోతుంది. తీయకుండా 'అలవాటవుతుందిలే' అని బండి కడితే చీము పట్టి నెలలు మూలపడుతుంది. కుంటు తగ్గకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని సాకేవాళ్లకూ ఈ అలవాటు పాఠం దాదాపు ఇలాగే వర్తిస్తుంది. అయితే గుర్రాన్ని పడేయరు, నిలబెట్టే కొడతారు కాబట్టి కాలు ఎత్తి పట్టుకోనివ్వడం దానికి ఇంకా ముందే నేర్పాలి. మరో తేడా ప్రాణం మీదిది: ధనుర్వాతం పశువుకన్నా గుర్రానికి చాలా తేలికగా వస్తుంది. టీకా లేని గుర్రం డెక్కలో మేకు దించకూడదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే తేలాయి. నాడాలు కొట్టే చేతులూ ఆ మేరకు తగ్గాయి, ముందుగా మాట్లాడుకోకపోతే సమయానికి దొరకవు.

గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెరిగేకొద్దీ రేకు ముందుకు జరిగి మడమ వైపు ఒత్తుతుంది. రేకు అరగకపోయినా నెల, నెలన్నరకోసారి విప్పి, గిట్ట చెక్కి తిరిగి వెయ్యాలి. ఒక భాగం రేకు ఊడిపోతే ఆ కాలి గిట్టలో ఒక సగం ఎత్తు, ఒక సగం పల్లం అవుతుంది. ఆ రోజే కొత్తది కొట్టించాలి, మనిషి దొరక్కపోతే రెండోదీ పీకెయ్యాలి. వాన పడి చేలో దమ్ము పని మొదలైతే నాడాలు తీయించి గిట్టను ఊపిరి పీల్చుకోనివ్వడమే మంచిది.

నాడాలున్నాయని బరువు పెంచే అలవాటు ఒకటుంది. భారవాహక పశువుల 1965 నిబంధనల ప్రకారం రోజుకు మొత్తం తొమ్మిది గంటలు, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు. దాళ్వా ధాన్యం మోసే ఏప్రిల్, మే నెలల్లో ఈ చివరి నిబంధన ఎక్కువగా పనికొస్తుంది. ముల్లుకర్ర కూడా ఆ నిబంధనల్లో నిషేధమే.

పని ముగిశాక పరచిన గడ్డిని చాలామంది తిరిగి పశువుల ముందే వేస్తారు. కొట్టేటప్పుడు బయటికొచ్చిన మేకు కొసలను తుంచేస్తారు, ఆ ముక్కలు గడ్డిలోనే పడతాయి. పశువు గడ్డిని నమలకుండా మింగుతుంది, తర్వాతే నెమరేస్తుంది. మింగిన ఇనుప ముక్క రెండో పొట్టలో ఆగి, గోడను చీల్చుకుని గుండె దాకా పోగలదు. పాడి గేదె తిన్నా అంతే. ఆ గడ్డి మొత్తం తీసి కాల్చేసి, బూడిదలోంచి మేకు ముక్కలు అయస్కాంతంతో ఏరి పారెయ్యాలి.